ఉప్పుగాలిలో నిలిచే లప్పం ఏది?

పాలకొల్లులో మా ఇంటి ముందు ఉండే 2004 నాటి మారుతీ 800 కారుకు వెనుక ఎడమ చక్రం పైనున్న అంచులో అరచేయంత సొట్ట పడింది, తలుపు కింది అంచుకు తుప్పు పట్టింది. రెండున్నరేళ్ల కిందట వేసవిలో ఒక షెడ్డులో ఇచ్చి లప్పం (సొట్టలను పూడ్చే ముద్ద, పుట్టీ) పెట్టించి రంగు వేయించాను. ఆ రోజు అద్దంలా కనిపించిన పని ఒక్క వానాకాలం గడిచేసరికి చక్రం పైన బొబ్బలు కట్టింది, కార్తీక మాసానికి ఆ బొబ్బలు పగిలి లప్పం పెచ్చులుగా రాలింది. పెచ్చు రాలిన చోట రేకు ఎర్రగా, ఇంకా తడిగా ఉండటం చూశాక, లోపం రంగులో లేదని, దాని కింద ఉన్నదని తెలిసింది. అందుకే ఈసారి పని నా చేతుల మీదుగానే జరగాలని నిశ్చయించుకొని, భీమవరం రంగుల దుకాణాల్లో దొరికే లప్పాలన్నీ ఒక్కొక్క డబ్బా కొని తెచ్చాను. ఇక్కడ కంపెనీల పేర్లు కాక రకాల పేర్లే రాస్తున్నాను, ఎందుకంటే మా వైపు దుకాణాల్లో ఒక నెల దొరికిన కంపెనీ మరుసటి నెల దొరకదు, రకం మాత్రం డబ్బా మీద తప్పకుండా రాసి ఉంటుంది.

ముందుగా ట్యూబులో వచ్చే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు. దీనిలో హార్డెనర్, అంటే గట్టిపరచే మందు, కలపనక్కర లేదు, లోపలి థిన్నరు గాలికి ఎగిరిపోగా గట్టిపడుతుంది, అలా ఎగిరిపోయినంత మేరా కుంచించుకుపోతుంది. గోటిగీత వంటి సన్నని గీతకు తప్ప సొట్టకు ఇది పనికిరాదు, మందంగా పెడితే పగులుతుంది.

సొట్టలకు అసలు వాడవలసింది పాలియెస్టర్ లప్పం. స్టైరీన్ అనే ఘాటు ద్రవంలో కరిగిన పాలియెస్టర్ రెజిన్ (జిగురు పదార్థం), దానికి చిక్కదనం ఇవ్వడానికి కలిపిన టాల్కు పొడి, ఈ రెండే దీనిలో ముఖ్యమైన సరుకు. వెంట వచ్చే చిన్న ట్యూబులో ఉన్న ఎర్రని పేస్టు బెంజాయిల్ పెరాక్సైడ్, అదే హార్డెనర్. ఇది ఆరి గట్టిపడేది కాదు, రసాయనిక చర్య వల్ల గట్టిపడేది కనుక ఎన్‌సీ పుట్టీ అంతగా కుంచించుకుపోదు, సులువుగా రుద్దుడుపడుతుంది, వెల కూడా అందుబాటులో ఉంటుంది. దీని బలహీనత అంతా ఆ టాల్కులోనే ఉంది. టాల్కు ఉన్న లప్పం తడిని పీల్చుకుంటుంది, పీల్చిన తడిని రేకు దాకా చేరుస్తుంది. రేకు మీద పుట్టిన తుప్పు తాను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, పైనున్న లప్పాన్ని లోపలి నుంచి ఎత్తి విడదీస్తుంది. మా కారు మీద లేచిన బొబ్బలకు కారణం ఇదే.

నారలప్పం అని మా మేస్త్రీలు పిలిచే గాజునార కలిసిన లప్పం మూడవ రకం. రెజిన్‌లో సన్నని గాజునార తునకలు ఉంటాయి. పట్టు ఎక్కువ, తడిని పీల్చుకోవడం చాలా తక్కువ, కాని రుద్దడం కష్టం. సాధారణ లప్పానికి పట్టే గరుకు కాగితం కన్నా రెట్టింపు కాగితం పట్టింది, దుమ్ము ముంజేతుల మీద పడి రాత్రంతా దురద పెట్టింది, రుద్దిన ముఖం మీద నార కొసలు తేలి ఉపరితలం గరుకుగానే మిగిలింది. వెల కూడా సాధారణ లప్పం కన్నా ఎక్కువే. బోలు గాజు పూసలు కలిసిన తేలికపాటి లప్పం నాలుగవది. వెన్నలా పరుచుకుంటుంది, సూది రంధ్రాలు తక్కువ పడతాయి, నాకు చేతికి అన్నిటికన్నా నచ్చినది అదే. ప్లాస్టిక్ బంపర్లకు వేరుగా వంగే లప్పం ఉంది, నా కారుకు దాని అవసరం రాలేదు.

డబ్బా మీది మాటలు మన గాలికి ఎంతవరకు నిజమో తెలుసుకోవాలని, పాత ఇనుప సామాను కొట్టులో ఒక తలుపు రేకు కొని నాలుగు ముక్కలు చేయించాను. ప్రతి ముక్కను ఒకే తీరుగా రుద్ది, ఒక్కొక్క రకం లప్పం పెట్టి, రంగు వేయకుండా మా బంధువుల రొయ్యల చెరువు గట్టు మీద శ్రావణం నుంచి కార్తీకం దాకా వదిలేశాను. రంగు లేకుండా వదలడం లప్పానికి పెట్టగలిగిన అత్యంత కఠినమైన పరీక్ష అని, ఏ కారూ అలా ఉండదని నాకు తెలుసు. అయినా కడకు ఏది నిలుస్తుందో చూడాలంటే అదే దారి. ఎన్‌సీ పుట్టీ మొదటి నెలలోనే పగిలింది. సాధారణ పాలియెస్టర్, తేలికపాటి లప్పం రెండూ అంచుల వెంట తుప్పు పట్టి, వేలితో నొక్కితే పెచ్చుగా లేచాయి. నారలప్పానికి అంచు దగ్గర మాత్రమే తుప్పు కనిపించింది, మధ్యభాగాన్ని ఉలి పెట్టి కొట్టవలసి వచ్చింది, దాని కింద రేకు ఇంకా మెరుస్తూనే ఉంది.

ఈ ఫలితం చూసి అంతా నారలప్పమే పెట్టాలని నేను చెప్పడం లేదు. రేకును ఆనుకొని పలుచగా నారలప్పం, దాని మీద రూపం తీర్చడానికి తేలికపాటి లప్పం, ఈ జోడింపే మా ప్రాంతానికి సరైనదని నా అభిప్రాయం. నరసాపురం రేవులో పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) ఎక్కించి సఖినేటిపల్లి దాటి అంతర్వేది వెళ్లి వచ్చే కారుకు, చేపల లారీల నుంచి కారే ఐసునీళ్లలో రోజూ నడిచే కారుకు, చక్రాల పైఅంచులు, తలుపుల అడుగులు ఎప్పుడూ తడిలోనే ఉంటాయి. పైకప్పు మీదో బానెట్ మీదో సొట్ట అయితే సాధారణ లప్పం చాలు. జింకు పూత ఉన్న కొత్త కార్ల రేకుకైతే, ఆ పూత మీద పట్టుతుందని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న లప్పాన్నే కొనాలి.

ఏ లప్పమైనా రేకు పనికి బదులు కాదు. సొట్టను లోపలి నుంచి డాలీ (చేతిలో పట్టే ఇనుప దిమ్మె) ఆనించి, బయట సుత్తితో తట్టి వీలైనంత తీర్చిన తరువాత, మిగిలిన రెండు మూడు మిల్లీమీటర్ల లోతుకే లప్పం పెట్టాలి. నేను తుప్పును 80 నంబరు కాగితంతో తెల్లని రేకు కనిపించేదాకా రుద్ది, ఆ గంటలోనే రేకును కాపాడే మొదటి పూత అయిన ఎపాక్సీ ప్రైమర్ వేశాను. మా తేమకు ఉదయం రుద్దిన రేకు సాయంత్రానికి లేత ఎరుపు తిరుగుతుంది, కనుక ఆలస్యం తగదు. ప్రైమర్ పూర్తిగా గట్టిపడ్డాక 180 కాగితంతో గరుకు చేసి లప్పం పెట్టాను. శుభ్రమైన రేకు మీద నేరుగా పెట్టే పద్ధతి కూడా సరైనదే, కాని ఉప్పుగాలి ప్రాంతంలో ప్రైమర్ పొర అదనపు కాపుగా నిలుస్తుంది. యాసిడ్ కలిసిన వాష్ ప్రైమర్ మీద మాత్రం పాలియెస్టర్ లప్పం పెట్టరాదు.

కలపడంలో కొలత ముఖ్యం. వంద గ్రాముల లప్పానికి రెండు గ్రాముల హార్డెనర్ సాధారణ పాళ్లు. కంటితో అంచనా వేయడం మాని చిన్న తూనిక కొన్నాను, ఆ ఖర్చు వృథా కాలేదు. హార్డెనర్ తక్కువైతే లప్పం జిగటగా ఉండిపోతుంది. ఎక్కువైతే త్వరగా బిగుస్తుందని చాలామంది సంతోషిస్తారు గాని, మిగిలిన పెరాక్సైడ్ పైకి ఊరి లేత రంగుల మీద పసుపు మరకగా తేలుతుంది. పాతిక డిగ్రీల దగ్గర నాలుగైదు నిమిషాల వ్యవధి ఇచ్చే లప్పం రోహిణి కార్తె ఎండలో రెండు నిమిషాలకే ముద్ద కట్టింది. అందుకని ఫాల్గుణంలో, మంచు విడిపోయాక ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య పని చేశాను. అట్టముక్క మీద కలపరాదు, అట్ట స్టైరీన్‌ను పీల్చుకుంటుంది, గాజుపలక మేలు. గుడ్డు గిలక్కొట్టినట్లు కలిపితే గాలి చేరి సూది రంధ్రాలవుతుంది కనుక, బ్లేడుతో నొక్కుతూ, మడుస్తూ, ఎర్రని చారలు కనిపించనంత వరకు కలపాలి.

ఇక రుద్దడం. మా వైపు షెడ్లలో బకెట్టు నీళ్లు పెట్టుకొని వాటర్ పేపరుతో లప్పం రుద్దడం అలవాటు. దుమ్ము లేవకుండా ఉండాలన్నదే దానికి కారణం, ఊపిరితిత్తుల మీద శ్రద్ధ కల మేస్త్రీని తప్పుపట్టలేము. కాని తడిని పీల్చే పదార్థాన్ని నీటితో రుద్దడం, ఆ నీటిని లోపల ఉంచి పైన ప్రైమర్ వేయడం తుప్పుకు విత్తనం వేయడమే. లప్పాన్ని పొడిగానే రుద్దాలి. దుమ్ముకు ఎన్95 మాస్కు పనిచేస్తుంది, స్టైరీన్ వాసనకు మాత్రం ఆవిరిని పట్టే బొగ్గు డబ్బీ ఉన్న మాస్కు కావాలి. నీళ్లు వాడవలసింది తరువాత, లప్పం మీద రంగుకు ముందు వేసే పూత అయిన సర్ఫేసర్ గట్టిపడ్డాక, 600, 800 కాగితాలతో.

లప్పం పెట్టిన ఇరవై, ముప్పై నిమిషాల తరువాత గోరు దిగనప్పుడు రుద్దడం మొదలుపెట్టాను. పైపొర గాలి తగలడం వల్ల కొద్దిగా జిగటగా ఉండి కాగితాన్ని పూడుస్తుంది, మొదటి కాగితం దానికే పోతుంది. 80 కాగితాన్ని సొట్ట కన్నా పొడవైన టేకు చెక్కకు చుట్టి, ఒకసారి కుడివైపు ఏటవాలుగా, మరోసారి ఎడమవైపు ఏటవాలుగా రుద్దాను. వేళ్లతో కాగితం పట్టుకొని రుద్దితే వేళ్లున్న చోట గాడులు పడతాయి, రంగు పడ్డాక ఆ గాడులు సాయంత్రపు వెలుగులో నీటి అలల్లా కనిపిస్తాయి. 80 నుంచి 150కి, అక్కడి నుంచి 240కి వెళ్లాను. నంబరు పెరిగేకొద్దీ కాగితం రేణువు సన్నబడుతుంది, కనుక మధ్య మెట్టు దాటవేస్తే ముందరి కాగితం గీతలను తరువాతి కాగితం పూర్తిగా తీయలేదు, అవి కొద్ది వారాలకు రంగు కింద నుంచి తేలుతాయి.

నాకు అన్నిటికన్నా ఉపకరించినది నల్ల స్ప్రే పొగ. లప్పం మీద దూరం నుంచి పలుచగా నల్లరంగు చల్లి రుద్దితే, ఎత్తైన చోట నలుపు ముందుగా పోతుంది, పల్లంలో నిలిచిపోతుంది. చేతికి తెలియని పల్లాలు రెండు ఈ విధంగా బయటపడ్డాయి, వాటికి మరో పలుచని పొర వేశాను. పొర అంచు పాత రంగులో కలిసిన చోటును కళ్లు మూసుకొని, నూలుగుడ్డ మీదుగా అరచేతితో తడిమి చూశాను. ఆ రోజే సర్ఫేసర్ కూడా వేశాను. లప్పాన్ని రాత్రి మంచులో తెరచి ఉంచకూడదు, పైగా మా వీధి దాటితే ధాన్యం మిల్లు ఉంది, గాలి తిరిగితే ఊక నుసి ఎక్కడైనా వాలుతుంది.

చక్రం పైఅంచు ఒక వానాకాలం దాటింది, బొబ్బ లేదు, గోరు పెట్టి గీరినా కదలలేదు. తలుపు అడుగున మాత్రం కందిగింజంత ఉబ్బు ఒకటి కనిపిస్తోంది. అక్కడ రేకు చిల్లు పడి ఉండగా, కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయించకుండా నారలప్పంతో పూడ్చాను. వచ్చే మాఘంలో ఆ ముక్క కోయించి మార్పిస్తాను.