కాలిపర్లకి ఎర్ర రంగు కొట్టిస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి

కారు చక్రం సందులోంచి ఎర్రటి కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లని డిస్క్ మీద నొక్కే భాగం) కనిపిస్తే భలే ఉంటుందని ముచ్చటపడి 2,500 రూపాయలు తగలేశాను. హైదరాబాద్‌లో ఒక కార్ యాక్సెసరీస్ షాపు. పేరెందుకులెండి.

"హీట్ ప్రూఫ్ సర్, ఐదేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ముందు చక్రాలు విప్పి, డిస్క్ మీద న్యూస్‌పేపర్ కప్పి, గుడ్డతో ఓసారి తుడిచి స్ప్రే కొట్టేశాడు. మొత్తం నలభై నిమిషాలు. వైర్ బ్రష్ తీయలేదు, జిడ్డు వదిలించే బ్రేక్ క్లీనర్ ముట్టుకోలేదు. పక్కనే టీ తాగుతూ చూస్తూనే ఉన్నాను, తెలిస్తేగా!

మూడు వారాలకి శ్రీశైలం వెళ్లాం. దోమలపెంట దాటి ఘాట్ దిగుతుంటే కాలిన వాసన. డ్యామ్ దగ్గర ఆపి చూస్తే కుడి చక్రం కంటే ఎడమ చక్రం బాగా వేడెక్కి ఉంది. కాలిపర్ మీద రంగు ఇటుక రంగుకి తిరిగి, అప్పడంలా బుడగలు లేచింది. చల్లారాక గోరుతో గీకితే పొరలా ఊడొచ్చింది. కింద తుప్పు, గ్రీజు ఎక్కడివక్కడే ఉన్నాయి.

రంగు పోతే పోయింది. అసలు టెన్షన్ మెకానిక్ విప్పాక మొదలైంది. ప్యాడ్లు జారే గాడిలోకి రంగు కారి గట్టిపడింది. బ్రేక్ వదిలినా ప్యాడ్ వెనక్కి రాకుండా డిస్క్‌ని రాసుకుంటోంది. కాలిపర్ జరగడానికి ఉండే గైడ్ పిన్ రబ్బరు బూటు (తొడుగు) మీద రంగు, బ్రేక్ ఆయిల్‌లో గాలి బయటికి తీసే బ్లీడర్ నిపుల్ మూతి మీదా రంగే. ఆ గాడులన్నీ గీకించి, ప్యాడ్లు కొత్తవి వేయించాల్సి వచ్చింది.

కొట్టించాలనే ఉంటే డబ్బా చూపించమనండి. కాలిపర్ పెయింట్ అని, ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుందో దాని మీద రాసి ఉండాలి. మామూలు ఎనామిల్ స్ప్రే ఈ వేడికి ఆగదు. కొందరు 600 డిగ్రీల సైలెన్సర్ పెయింట్ చూపిస్తారు, అదీ మోసపోయే చోటే. అది సైలెన్సర్ వేడికి కాలితేనే గట్టిపడుతుంది. కాలిపర్ అంత సమంగా కాలదు కాబట్టి మెత్తగానే ఉండిపోయి, బ్రేక్ క్లీనర్ తగలగానే చెరిగిపోతుంది. రెండు భాగాలు కలిపి బ్రష్‌తో వేసే ఎపాక్సీ రకం నయం. తుంపర ఎగరదు, పొర మందంగా వస్తుంది.

తుప్పు వైర్ బ్రష్‌తో పోగొట్టి, జిడ్డు పూర్తిగా వదిలించాకే రంగు. రబ్బరు బూట్లు, నిపుల్, పిన్నులు, ప్యాడ్ గాడులు, చక్రం కూర్చునే హబ్ ముఖం, వీటన్నిటికీ టేప్ వేయాల్సిందే. పూర్తిగా ఆరేదాకా బండి కదపకూడదు, అంటే కారు ఆ రోజుకి అక్కడ వదిలేయాలి. గంటలో ఇచ్చేస్తామంటే వద్దనేయండి. ఇంకోటి, బ్రేక్ ఆయిల్ ఒలికితే మంచి రంగునైనా తినేస్తుంది. సర్వీసులో బ్లీడింగ్ చేయిస్తే వెంటనే కడిగించండి.

షాపువాడికి ఫొటోలు పంపాను. "తీసుకురండి సర్, ఫ్రీగా ఇంకో కోటు కొడతాం" అన్నాడు.