హెచ్‌ఎల్‌ఏఈ: మ్యాచ్ అయిపోయాక షట్టర్ పెట్టుకోవచ్చు

కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే తుపాకుల గేమ్ క్లిపులు చేసే మన నల్లగొండ, మిర్యాలగూడ తమ్ముళ్లందరికీ నేను గట్టిగా చెప్పే సాఫ్ట్‌వేర్ ఇదొక్కటే. హాఫ్ లైఫ్ అడ్వాన్స్‌డ్ ఎఫెక్ట్స్, అందరూ హెచ్‌ఎల్‌ఏఈ అంటారు. ఆడేసిన మ్యాచ్‌ను తర్వాత వీడియోగా తీస్తూ, కెమెరాతో తీసినట్టు బ్లర్ తెస్తుంది. పూర్తిగా ఫ్రీ.

కెమెరాలో షట్టర్ కాసేపు తెరుచుకుని ఉంటుంది కాబట్టి కదిలేది కొంచెం సాగినట్టు పడుతుంది, గేమ్‌లో అలా కాదు, ప్రతి ఫ్రేమూ ఒక్క క్షణంలో గడ్డకట్టిన బొమ్మే, అందుకే 30 ఫ్రేముల వీడియోలో మౌస్ గిర్రున తిప్పితే సీన్ టకటకా ఎగిరినట్టు ఉంటుంది. చాలామంది ఆ క్లిపు తీసుకెళ్లి పెళ్లి వీడియోలు చేసే అన్నకిస్తారు. ఆయన పైనుంచి బ్లర్ ఎఫెక్ట్ వేస్తే గోడలతోపాటు క్రాస్‌హెయిర్ (స్క్రీన్ మధ్యలో ఉండే గురి గుర్తు), బుల్లెట్ల అంకెలు కూడా అలుక్కుపోతాయి.

హెచ్‌ఎల్‌ఏఈ దారి వేరు. మ్యాచ్‌లో దాచుకున్న డెమో ఫైల్‌ను (అది వీడియో కాదు, గేమ్ మళ్లీ ఆడించి చూపగల మ్యాచ్ రికార్డు) మళ్లీ ప్లే చేస్తూ, గేమ్ టైమ్‌ను తనే చిన్న చిన్న అడుగులుగా నడిపిస్తూ, సెకనుకు 480 బొమ్మలు తీయమంటే తీసి వాటిని 30 ఫ్రేములుగా కలిపేస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే ఒక్కో ఫ్రేము టైమ్‌లో షట్టర్ ఎంత భాగం తెరిచి ఉన్నట్టు అనే లెక్క, 1 పెడితే ఒక్కో ఫ్రేములో 16 బొమ్మలూ కలుస్తాయి. 0.5 పెడితే 8, అంటే సెకనులో 60వ వంతు, సినిమా కెమెరామన్లు 180 డిగ్రీల షట్టర్ అనేది ఇదే. పీసీ ఎంత స్లో అయినా ఫర్వాలేదు, ఒక సెకను క్లిపుకు అది నిమిషం తీసుకున్నా వచ్చే వీడియో మాత్రం నున్నగానే వస్తుంది, పాత పీసీలతో నెట్టుకొచ్చే మనలాంటోళ్లకు ఇది మస్తు పెద్ద విషయం.

బొమ్మల సంఖ్య దగ్గర పిసినారితనం వద్దు. డస్ట్ 2 అనే మ్యాప్ మధ్యలో ఉండే ఆ పెద్ద తలుపుల ముందు ఏడబ్ల్యూపీ స్నైపర్ గన్‌తో ఒక్కసారి వెనక్కి తిరిగిన ఫ్రేమును ఆపి చూడండి, 8 బొమ్మలే కలిస్తే తలుపు అంచు దువ్వెన పళ్లలాగా ఎనిమిది గీతలుగా విడివిడిగా కనిపిస్తుంది. సెకనుకు తీసే బొమ్మలు పెంచండి, ఆ గీతలు కలిసిపోయి అసలైన బ్లర్ అవుతుంది. క్రాస్‌హెయిర్ మాత్రం కదలదు కాబట్టి శుభ్రంగా మిగులుతుంది, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. 60 ఫ్రేముల వీడియోకైతే 0.5 బ్లర్ కంటికి సరిగ్గా ఆనదు, నేనైతే 1 పెట్టమంటా.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. అంతా కన్సోల్‌లో కమాండ్లు కొట్టుకోవాలి, కొత్తవాళ్లకు మొదట టెన్షనే. సౌండు వేరే ఫైల్‌గా వస్తుంది, ఎడిటింగ్‌లో కలుపుకోవాలి. కంప్రెస్ చేయని 720పీ బొమ్మలు 30 ఫ్రేముల లెక్కన నిమిషానికి దాదాపు 5 జీబీ తింటాయి, హార్డ్‌డిస్క్ ముందే ఖాళీ చేసి కూర్చోండి. ఇంకోటి, హెచ్‌ఎల్‌ఏఈ గేమ్‌లోకే దూరి పనిచేస్తుంది కాబట్టి దాంతో తెరిచిన గేమ్‌తో ఆన్‌లైన్ సర్వర్లలోకి మాత్రం పోవద్దు, అకౌంట్‌కు బ్యాన్ పడొచ్చు. డెమోలు చూడడానికి, రికార్డ్ చేయడానికి మాత్రమే వాడండి.