ప్రెస్ రిలీజ్: ఆన్‌లైన్ సర్వీసుకా, విశాఖ రిపోర్టర్‌కా?

ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్మే వెబ్‌సైట్ పెట్టారనుకుందాం. ప్రెస్ రిలీజ్‌ను డబ్బు కట్టి ఆన్‌లైన్ పంపిణీ సర్వీసుకు ఇవ్వాలా, తెలుగులో ప్రెస్ నోట్ రాసి పత్రికలకు మనమే అందించాలా?

ఖర్చు: సర్వీసుకు ప్రతిసారీ ఫీజు. ప్రెస్ నోట్‌కు ఆటో ఛార్జీలే. ప్రెస్ మీట్ పెడితే హాలు అద్దె అదనం.

శ్రమ: సర్వీసులో ఫారం నింపితే చాలు. రిపోర్టర్‌కు వార్త కావాలి. ‘వెబ్‌సైట్ ప్రారంభం’ అంటే పక్కన పెట్టేస్తారు. 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన బొమ్మలకు కళాకారులే నేరుగా ఆర్డర్లు తీసుకుంటున్నారంటే ఆగి చదువుతారు. మంచి ఫొటో, ఫోన్ నంబరు తప్పకుండా జత చేయండి.

రిస్క్: చాలామంది దెబ్బతినేది ఇక్కడే, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఒకే నోట్ వందల సైట్లలో వస్తే గూగుల్‌లో పైకి వస్తామని ఆశపడకండి. అలా పంచే రిలీజుల్లో కీవర్డులు (జనం గూగుల్‌లో వెతికే పదాలు) కుక్కిన లింకులను గూగుల్ 2013లోనే నిబంధనల ఉల్లంఘనగా చెప్పింది. లింకులకు నోఫాలో (ర్యాంకుకు ఈ లింకును లెక్కించొద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు) పెట్టించండి. పత్రికలో రిస్క్ ఒకటే: చోటు లేని రోజు మీ నోట్ రాదు.

కొనేవాళ్లు ఎంవీపీ కాలనీలో, గాజువాకలో ఉంటే పత్రికకే వెళ్లండి. విదేశాల్లోని కొనుగోలుదారులు, పెట్టుబడిదారులు వెతికినప్పుడు కనిపించాలంటే సర్వీసుకు ఒక్కసారి ఖర్చు పెట్టొచ్చు.