విజిటర్ వీసానా, గ్రీన్ కార్డా? అమ్మానాన్నల వైద్యం లెక్క

అమెరికాలో పిల్లలున్న అమలాపురం, భీమవరం ఇళ్లలో తరచూ వచ్చే ప్రశ్న ఇది.

విజిటర్ వీసాపై వెళ్తే ప్రభుత్వ రాయితీ బీమా ఉండదు. ప్రైవేటు ప్రయాణ బీమాయే దిక్కు. అంతకుముందే ఉన్న షుగరు, గుండె జబ్బులను చాలా పాలసీలు పక్కన పెడతాయి. దయచేసి షరతులు చదివాకే డబ్బు కట్టండి. ఆరోగ్యశ్రీ కార్డు అక్కడ చెల్లదు.

గ్రీన్ కార్డు రాగానే వైద్యం ఉచితమని మాత్రం నమ్మకండి. అసలు అమెరికా పౌరసత్వం పొంది, 21 ఏళ్లు నిండిన పిల్లలే తల్లిదండ్రులకు దరఖాస్తు చేయగలరు. కార్డు వచ్చాక కూడా పేదలకిచ్చే ప్రభుత్వ బీమా మెడికెయిడ్‌కు చాలా రాష్ట్రాల్లో 5 ఏళ్లు ఆగాలి. 65 దాటినా, అక్కడ ఉద్యోగం చేయనివారు వృద్ధులకుండే ప్రభుత్వ బీమా మెడికేర్ కొనుక్కోవాలంటే 5 ఏళ్ల నివాసం ఉండాలి. ఈలోగా మార్కెట్‌ప్లేస్ (ప్రభుత్వ వేదికపై ప్రైవేటు కంపెనీలు అమ్మే) బీమా కొనవచ్చు. కానీ ఆదాయం అక్కడి దారిద్య్రరేఖకు దిగువన ఉంటే 2026 నుంచి దానికీ రాయితీ లేదు. కొడుకు పన్ను లెక్కల్లో వారిని తనపై ఆధారపడినవారిగా చూపితే, ఈ రాయితీకి అతని ఆదాయాన్నీ కలిపి చూస్తారు. కొబ్బరితోట చూసుకుంటూ కోనసీమలోనే ఏళ్లు గడిపితే కార్డుకే ముప్పు.

మనవళ్లతో ఏడాదికి నాలుగు నెలలు చాలనుకునేవారికి విజిటర్ వీసాయే మేలని నా గట్టి నమ్మకం. ఒంటరిగా మిగిలిన తల్లి విషయంలో మాత్రం గ్రీన్ కార్డు వైపే మొగ్గుతాను, ఆ 5 ఏళ్ల బీమా ఖర్చు పిల్లలు భరించగలిగితే.