అమ్మమ్మ ఇల్లా, అమీర్‌పేట హాస్టలా: ఏది మేలు?

కాంట్రాక్టు ఉద్యోగం మార్చితో అయిపోయింది. చేతిలో 60,000 ఉన్నాయి. అమీర్‌పేటలో నలుగురం సర్దుకునే గదిలో ఓ మంచం ఉంది. తెనాలి దగ్గర పల్లెలో తాళం వేసిన అమ్మమ్మ ఇల్లుంది. ఈ రెండింటి మధ్యా నెల్లాళ్లు ఊగిసలాడాను. ఖమ్మంలో అమ్మానాన్నల దగ్గరికి వెళ్లొచ్చుగా అంటారేమో. రెండు గదుల అద్దె ఇల్లు, పెళ్లికున్న చెల్లెలు, పేపరు చదువుతూ ఏమీ అనకుండా నిట్టూర్చే నాన్న. ఆ దారి గురించి ఇంతకన్నా చెప్పను.

"అద్దె లేని ఇల్లు పెట్టుకుని హాస్టలేంట్రా" అన్నారు విన్నవాళ్లంతా. కాగితం మీద లెక్క వేస్తే నాకూ అలాగే కనిపించింది. హాస్టల్‌కి భోజనంతో కలిపి 7,500. ఫోను, బస్సు, టీలు, ఆదివారం బిర్యానీ కలిస్తే 11,000 దగ్గర తేలుతుంది. అంటే ఉన్న డబ్బు అయిదున్నర నెలలకి చాలు. ఊళ్లో సరుకులు, గ్యాసు, కరెంటు, నెట్టు అన్నీ చూసుకున్నా 6,500 దాటదు. తొమ్మిది నెలలు గడిచిపోతాయి. ఇంకేం కావాలనుకుని బస్సెక్కాను.

అమ్మమ్మ ధనిష్ఠా నక్షత్రంలో పోయింది. ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలని పంతులుగారు చెబితే తాళం వేసేశారు. మనిషి మసలని పెంకుటిల్లు ఆరు నెలల్లో ఏమవుతుందో చూస్తేగానీ తెలీదు. కోతులు కప్పు తొక్కి పెంకులు పగలగొట్టాయి. పడమటింటి గుమ్మం మీద రంగు నిగనిగలాడుతోంది. స్క్రూడ్రైవర్‌తో తడితే డొల్ల చప్పుడు. కాస్త గుచ్చేసరికి పిడిదాకా దిగిపోయి, మట్టిరంగు పొడి జలజలా రాలింది. చెదలు! బోరు మోటారు స్విచ్ వేస్తే మూలిగిందేగానీ తిరగలేదు. మెకానిక్ వచ్చి వెనక మూత విప్పి, ఫ్యాను చేత్తో తిప్పి వదిలించి, కెపాసిటర్ మార్చాడు. దానితోపాటు పెంకులు సర్దించడం, గుమ్మం బాగు, చెదలమందు, వైరింగు అన్నీ కలిపితే 14,000. అదీ తొలకరి పడేలోపే చేయించాలి.

అది నేనే పెట్టుకుంటే మిగిలేది 46,000. ఏడు నెలలకి వస్తుంది. హాస్టల్‌కీ దీనికీ తేడా నెలన్నరే! ఆ నెలన్నర కోసం హైదరాబాద్ వదులుకోవడం దండగ.

పైగా ఆ ఖర్చు ఎవరి ఇంటికి? ఇల్లు అమ్మమ్మ పేరు మీదే ఉంది. వీలునామా రాయలేదు, తాతయ్య ముందే పోయాడు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇద్దరు మామయ్యలకీ అమ్మకీ సమాన వాటాలు. అమ్మ ఉండగా నాకు అందులో అంగుళం కూడా లేదు. అయినా చిన్నత్తయ్య భయం ఆవిడది: "పన్నెండేళ్లు కూర్చున్నాడంటే ఇల్లు వాడిదే అయిపోద్దంట." ఆ పన్నెండేళ్ల మాట 1963 లిమిటేషన్ చట్టంలోదే. కానీ సొంతదారులు ఒప్పుకుని ఉండనిచ్చిన మనిషికి ఏళ్లు గడిచినంత మాత్రాన హక్కు పుట్టదు. ఆవిడకి చట్టం చెప్పి ఏం లాభం? రాసిచ్చిన కాగితమైతే నమ్ముతుంది.

పెద్ద మామయ్యకి ఫోన్ చేశాను. "ఏడాది ఉంటాను మామయ్యా. కరెంటు బిల్లు, ఇంటి పన్ను నేను కడతాను. బాగుచేయించే ఖర్చు మాత్రం మీ ముగ్గురూ వేసుకోండి. అమ్ముదామనుకుంటే రెండు నెలల ముందు చెప్పండి, ఖాళీ చేస్తాను."

కాసేపు అవతల చప్పుడు లేదు. "ఏరా, మాకే ఎస్టిమేట్ వేశావా?" అని నవ్వాడు. చిన్న మామయ్య మాత్రం అద్దెకిచ్చేద్దాం, నెలకు మూడు వేలైనా వస్తాయి అన్నాడు. కారే కప్పు కిందికి అద్దెకెవరొస్తారు? అద్దెకివ్వాలన్నా ముందు ఆ 14,000 పెట్టాల్సిందేగా! ఆ మాటతో ఒప్పుకున్నాడు. తెల్లకాగితం మీద రాసి అందరం సంతకాలు పెట్టి, ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. నా లెక్క మళ్లీ తొమ్మిది నెలలకి చేరింది.

హాస్టల్ని తీసిపారేయడానికి మాత్రం లేదు. కింద టీకొట్టు దగ్గర "మా టీమ్‌లో ఖాళీ ఉంది, రెజ్యూమె పంపు" అనే మనిషి పల్లెలో దొరకడు. ఇప్పుడే చదువు ముగించి, తెలిసినవాళ్లెవరూ లేనివాళ్లు మంచం వదలకపోవడమే మంచిది. నాకు రెండేళ్ల అనుభవం ఉంది, తొలి రౌండ్లన్నీ ఆన్‌లైన్లోనే అవుతున్నాయి. ఆఖరి దానికి పిలిస్తే తెనాలిలో రాత్రి రైలెక్కి పొద్దున్నకి నగరంలో దిగొచ్చు. వారసుల మధ్య గొడవలున్నా, ఒక్కరు ముభావంగా ఉన్నా నేనైతే ఆ ఇంటి గడప తొక్కేవాణ్ణి కాదు.

ఊళ్లో అడిగేవాళ్లు ఎక్కువ. మొదటి వారం "సెలవులా బాబూ?" అన్నారు. మూడో వారానికి "ఇంకా వెళ్లలేదా?" అయింది. హాస్టల్లో నెల రోజులు మంచం దిగకపోయినా పక్కవాడు అడగడు. నాకు ఏది ఎక్కువ గుచ్చుకుంటుందో రోజుని బట్టి మారుతోంది.

వంటగట్టు అమ్మమ్మ తన ఎత్తుకి కట్టించుకుంది. నేను కూర తరగాలంటే నడుం వంగిపోతుంది. మామయ్యకి చెబితే "ఇంకో వరస ఇటుక కట్టించుకోరా, ఆ ఖర్చూ మేమే వేసుకుంటాం" అన్నాడు. ఏడాదికోసం ఎందుకులే అని స్టవ్వు కింద నాలుగు ఇటుకలు పేర్చుకున్నాను.