ఫ్లాష్‌ఫార్వర్డ్: ఏడో ఎపిసోడ్ దాకా ఒక కథ, ఆ తర్వాత ఇంకో కథ

బాగాలేని సైన్స్ ఫిక్షన్ సీరియళ్లు చాలానే వస్తుంటాయి. రెండు ఎపిసోడ్లు చూసి ఆపేస్తాం, వారం తిరిగేసరికి పేరు కూడా గుర్తుండదు. ఫ్లాష్‌ఫార్వర్డ్ మీద నాకున్న కోపం అట్లాంటిది కాదు. ఇంత మంచి కథ దొరకడమే అరుదు. దొరికింది. దాన్ని ఎట్లా చెప్పాలో తమకు తెలుసని మొదటి ఏడు ఎపిసోడ్లలో చూపించారు కూడా. ఆ తర్వాత చేజేతులా పాడుచేసుకున్నారు.

2009 సెప్టెంబర్ 24న అమెరికాలో ఏబీసీ చానెల్‌లో మొదలై, 22 ఎపిసోడ్లతో మరుసటి ఏడాది మే 27న అర్ధాంతరంగా ఆగిపోయిన సీరియల్ ఇది. రాబర్ట్ జె. సాయర్ 1999లో రాసిన నవల దీనికి ఆధారం. మా మేనకోడలు పోరగా పోరగా ఇన్నేళ్లకి నేను చూశాను. నేను తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. కాబట్టి ఇది కొంత ఫిజిక్స్ మేడం రాసిన రివ్యూ అనే అనుకోండి.

కథ ఇది. 2009 అక్టోబర్ 6, లాస్ ఏంజిలెస్‌లో ఉదయం 11 గంటలు. భూమ్మీద మనుషులంతా ఒకేసారి స్పృహ తప్పి పడిపోతారు. సరిగ్గా 2 నిమిషాల 17 సెకన్లు. కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, విమానాలు కూలిపోతాయి. తెలివొచ్చిన వాళ్లు చెప్పేది వింతగా ఉంటుంది. ఆ కాసేపూ తాము 2010 ఏప్రిల్ 29 రాత్రి 10 గంటలప్పుడు ఎక్కడ ఉంటారో, ఎవరితో ఉంటారో, ఏం చేస్తుంటారో చూశామంటారు. ఒకరు చూసింది ఇంకొకరు చూసిందానితో సరిపోతుంది కాబట్టి కల అని కొట్టిపారెయ్యడానికి లేదు.

2 నిమిషాల 17 సెకన్లంటే 137 సెకన్లు. మూడో ఎపిసోడ్‌కి ఆ అంకెతోనే పేరు పెట్టారు. ఫిజిక్స్ చదివినవాళ్లకి 137 మామూలు అంకె కాదు. కాంతికి, ఎలక్ట్రాన్‌కి మధ్య బలం ఎంతో చెప్పే ఫైన్ స్ట్రక్చర్ స్థిరాంకం దాదాపు 1/137. అది అంతే ఎందుకుండాలో ఇప్పటిదాకా ఏ సిద్ధాంతమూ చెప్పలేదు. ఆ అంకె తెరమీద కనపడగానే నేను నిటారుగా కూర్చున్నాను. వీళ్లు హోంవర్క్ చేసి వచ్చారు, ఇక చూసుకోవచ్చు అనుకున్నాను.

మొదటి ఎపిసోడ్ మా నాయన కూడా మాతోపాటు కూర్చుని చూశాడు. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాడు, సర్వీసులో ఎక్కువ భాగం తిరుమల ఘాట్ రోడ్డు మీదే. మేనకోడలు పక్కన కూర్చుని తెలుగులో చెబుతుంటే వింటున్నాడు. లాస్ ఏంజిలెస్ రోడ్డు మీద కార్లు కుప్పలుగా పడున్న సీను రాగానే, "అప్పుడు మన కాడ టైమెంత?" అన్నాడు. లెక్కేసి చెప్పాను, రాత్రి పదకొండున్నర అని. ఆయన టీవీ వైపు చూడటం మానేశాడు. "ఘాట్ రోడ్డు మూసేలోపల దిగిపోవాలని చివరి బండ్లు దిగతా ఉంటాయి ఆ టైముకి. అవ్వాచారి కోన కాడ రెండు నిమిషాలు స్టీరింగ్ వదిలేస్తే ఇంగేముంది?" అన్నాడు. అంతే, ఆ రాత్రి ఇంకేమీ మాట్లాడలేదు.

ఈ కథ బలం అదీ. ఎక్కడ కూర్చుని చూసినా చూసేవాళ్ల ఊరు అందులోకి వచ్చేస్తుంది. మనకది రాత్రి పదకొండున్నర అయితే, మనవాళ్లు చూసే భవిష్యత్తు ఏప్రిల్ 30 ఉదయం పదిన్నర. శుక్రవారం. ఎండాకాలం, పరీక్షలైపోయిన రోజులు. 2009 అక్టోబర్ అంటే రాజశేఖరరెడ్డి పోయి నెల దాటింది, కర్నూలు అప్పుడే వరదలో మునిగి తేలింది. ఆ తర్వాతి ఆరు నెలల్లో రాష్ట్రంలో ఏమేం జరిగాయో గుర్తున్నవాళ్లకి, ఆ రాత్రి పడుకుని మరుసటి ఏప్రిల్‌ని చూసి లేవడమంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. భూమ్మీద అందరికీ జరిగిన సంగతి ఇది. సీరియల్ మాత్రం లాస్ ఏంజిలెస్‌లో ఒక ఎఫ్‌బీఐ ఆఫీసు, ఒక ఆస్పత్రి, నాలుగైదు ఇళ్ల చుట్టూనే తిరుగుతుంది. సోమాలియా, హాంకాంగ్, జపాన్ అట్లా వచ్చి ఇట్లా వెళ్లిపోతాయి.

అయినా మొదటి ఎపిసోడ్లలో ఆ నాలుగైదు ఇళ్లే చాలనిపించింది. మార్క్ బెన్‌ఫోర్డ్ అనే ఎఫ్‌బీఐ అధికారి తాగుడు మానేసి బాగుపడినవాడు. తాను మళ్లీ తాగుతున్నట్టు చూస్తాడు. అతని భార్య ఒలీవియా డాక్టరు, ఇంకో మగవాడితో ఉన్నట్టు చూస్తుంది. అతనెవరో అప్పటికి ఆమెకి తెలియను కూడా తెలియదు. మార్క్ స్నేహితుడు డెమెట్రీ ఏమీ చూడడు. చూడలేదంటే ఆ రోజుకి బతికి ఉండడనేగా అర్థం? ఈ ముగ్గురినీ పెట్టుకుంటే చాలు, భార్యాభర్తల మధ్య అనుమానం, భయం, పంతం అన్నీ వచ్చేస్తాయి. భార్య తప్పు చెయ్యలేదు, ఇంకా చెయ్యలేదు, చెయ్యకపోవచ్చు కూడా. ఆ మాట ఇద్దరికీ తెలుసు. అయినా ఆ ఇంట్లో అన్నం సహించదు. ఆ సీన్లు నిజంగా బాగా తీశారు.

నాకు బాగా నచ్చింది మార్క్ ఆఫీసులో గోడ. భవిష్యత్తులో తన గోడ మీద దారాలతో కలిపిన ఫొటోలు, చీటీలు చూస్తాడు. తెలివొచ్చాక అవి గుర్తుతెచ్చుకుని ఒక్కొక్కటే రాసి గోడకి గుచ్చుతాడు. ఆ ఆధారాలు పట్టుకునే దర్యాప్తు మొదలవుతుంది. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ చీటీ మీది పేరు మార్క్‌కి ఎట్లా తెలిసింది? గోడ మీద చూశాడు కాబట్టి. గోడ మీదికి ఎట్లా వచ్చింది? మార్క్ రాశాడు కాబట్టి. మరి మొదట కనిపెట్టిందెవరు? ఎవరూ లేరు. ఇంటర్ పిల్లలకి చెప్పినా కళ్లు పెద్దవి చేసి వింటారు ఈ చిక్కుముడిని. సీరియల్ దీన్ని మన ముందు పెట్టింది, పెట్టి పక్కకి వెళ్లిపోయింది. ఒక్కరైనా ఆ గోడ ముందు నిలబడి ఈ ప్రశ్న గట్టిగా అడిగి తేల్చుకుంటారని చివరిదాకా ఎదురుచూశాను.

ఇక ఏడో ఎపిసోడ్. అల్ గాఫ్ అనే ఎఫ్‌బీఐ ఉద్యోగి తన వల్ల ఒక ఆడమనిషి చనిపోయినట్టు, ఆమె పిల్లలు దిక్కులేనివాళ్లయినట్టు భవిష్యత్తులో తెలుసుకుంటాడు. కావాలని చేసింది కాదు. పేరు తప్ప ఆమె ఎవరో కూడా ఇతనికి తెలియదు. ఏ రోజు, ఎట్లా జరుగుతుందో తెలియదు కాబట్టి జాగ్రత్తపడే దారి లేదు. ఆలోచించి ఆలోచించి ఆమెకి ఉత్తరం రాసిపెట్టి, తోటి ఉద్యోగులు చూస్తుండగా ఆఫీసు మేడమీంచి దూకేస్తాడు. ఏప్రిల్ 29న ఉన్నట్టు చూసుకున్న మనిషి, అక్టోబర్‌లోనో నవంబర్‌లోనో లేకుండా పోయాడు. అంటే చూసింది జరిగి తీరాలని లేదు.

ఆ సీను అయిపోయాక మా ఇంట్లో కాసేపు ఎవరం మాట్లాడలేదు. రాసిపెట్టి ఉన్నది జరక్క మానదని నమ్మే ఇంట్లో పుట్టి పెరిగాను నేను. పెళ్లి చూపులకి ముందే జాతకం చూపిస్తాం, ప్రయాణానికి వర్జ్యం చూసుకుంటాం. అట్లాంటి ఇంట్లో, రాతని మార్చొచ్చు కానీ దాని ఖరీదు ఇదీ అని ఒక సీరియల్ చెప్పింది. మేనకోడలు వెంటనే అడిగింది, "అత్తా, మార్చొచ్చని తెలిసిపోయింది కదా. ఇంక రేపట్నుంచి వీళ్లందరూ ఎట్లా బతుకుతారు?"

ఎనిమిదో ఎపిసోడ్ దగ్గర్నుంచి సీరియల్ చెప్పాల్సింది ఆ ప్రశ్నకి జవాబే. చెప్పలేదు.

ఎనిమిదో ఎపిసోడ్‌లో ఇద్దరు శాస్త్రవేత్తలు, లాయిడ్, సైమన్, ఎదురెదురుగా కూర్చుని పేకాడతారు. ప్రపంచమంతా స్పృహ తప్పడానికి తమ ప్రయోగమే కారణమై ఉండొచ్చని వాళ్ల అనుమానం. ఆ సంగతి జనానికి చెప్పాలా వద్దా అన్నది పోకర్ ఆటతో తేల్చుకుంటారు! లెక్కలేనంత మంది చచ్చిపోయారు. ఒక శాస్త్రవేత్త గుండెలో ఉండే బరువు, భయం, డేటా ముందేసుకుని రాత్రంతా కూర్చోవడం, నేనేనా చేసింది అని మళ్లీ మళ్లీ లెక్కలు సరిచూసుకోవడం, వీటికి ఒక ఎపిసోడ్ మొత్తం ఇవ్వాల్సింది. పేకముక్కలతో సరిపెట్టేశారు. సైన్స్ చెప్పుకుని బతికే మనిషిగా నాకిది చాలా బాధనిపించింది.

పైగా ఆ ప్రయోగం ఉత్త కట్టుకథేమీ కాదు. ప్లాస్మాలో, అంటే విద్యుదావేశం నిండిన వాయువులో, లేచే అలల మీద కణాలను వేగంగా తోసే పద్ధతి అది. యూరప్‌లోని కణ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్‌లో అవేక్ అనే ప్రయోగం 2018లో నిజంగానే అట్లా ఎలక్ట్రాన్లను తోసి చూపించింది. 2008 సెప్టెంబర్‌లో సెర్న్ కణాలను ఢీకొట్టించే పెద్ద కొలైడర్‌ని మొదలుపెట్టినప్పుడు మన టీవీ చానెళ్లు ప్రపంచం అంతమైపోతుందని రోజంతా ఊదరగొట్టాయి. "మేడం, రేపు కాలేజీ ఉంటుందా?" అని భయంగా అడిగిన పిల్లలున్నారు. అట్లాంటి భయం జనంలో ఇంకా పచ్చిగా ఉండగానే వచ్చిన సీరియల్ ఇది. సైన్స్ ఎక్కడిదాకా వెళ్లొచ్చు, పొరపాటు జరిగితే ఎవరు ఒప్పుకోవాలి అని అడగడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

దానికి బదులు ఏం ఇచ్చారంటే విలన్లు. డి. గిబ్బన్స్ అనే పేరు వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకళ్లు. ఎఫ్‌బీఐలోనే ఒక ద్రోహి. ఆఫ్ఘనిస్థాన్‌లో చనిపోయిందనుకున్న కూతుర్ని బతికి ఉన్నట్టు చూసిన తండ్రి ఉన్నాడు. ఏడిపించాల్సిన కథ. దాన్ని కూడా ఒక ప్రైవేటు సైనిక కంపెనీ కుట్రగా మార్చి తుపాకులు పేల్చారు. పదమూడు, పద్నాలుగు ఎపిసోడ్లకి వచ్చేసరికి ఎవరు ఎవరి మనిషో గుర్తుపెట్టుకోవడమే పెద్ద పని.

ఈ కథతో ఏం చెయ్యొచ్చో చెప్పడానికి నేను అమెరికా దాకా వెళ్లక్కర్లేదు, శ్రీహరికోట చాలు. 2010 ఏప్రిల్ 15న అక్కణ్నుంచి జీఎస్‌ఎల్‌వీ-డీ3 రాకెట్ లేచింది. మన దేశంలో తయారైన క్రయోజెనిక్ ఇంజన్‌తో, అంటే అతి చల్లని ద్రవ ఇంధనంతో నడిచే ఇంజన్‌తో, మొదటి ప్రయోగం. కింది దశలు బాగానే పనిచేశాయి, క్రయోజెనిక్ దశ నిలబడలేదు. జీశాట్-4 ఉపగ్రహంతో సహా బంగాళాఖాతంలో పడిపోయింది. ఇంధనాన్ని తోసే బూస్టర్ టర్బో పంపు ఆగిపోవడం కారణమని తర్వాత తేల్చారు. ఇప్పుడు సీరియల్ లెక్క వేసుకోండి. 2009 అక్టోబర్ 6 రాత్రి శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం షార్‌లో ఒక ఇంజనీరు స్పృహ తప్పి, ఏప్రిల్ 30 ఉదయం పదిన్నరకి మీటింగులో కూర్చుని ఉన్నట్టు చూశాడనుకుందాం. పంపు ఆగిపోయిందని అక్కడ మాట్లాడుకుంటున్నారు. లేచాక అతనేం చెయ్యాలి? పంపు బాగుచెయ్యాలి. బాగుచేస్తే రాకెట్ పడదు. పడకపోతే ఆ మీటింగే లేదు. మీటింగు లేకపోతే పంపు సంగతి అతనికి చెప్పిందెవరు? పై అధికారి దగ్గరికి వెళ్లి చెబితే నమ్ముతారా? నమ్మి ప్రయోగం ఆపేస్తే, ఆ ఓటమి నుంచి నేర్చుకోవాల్సినవి ఎప్పుడు నేర్చుకుంటారు? నిజంలో మన సొంత క్రయోజెనిక్ ఇంజన్‌తో జీఎస్‌ఎల్‌వీ గెలిచింది 2014 జనవరి 5న. ఒక్క తుపాకీ లేకుండా ఒక ఎపిసోడ్ నిండా ఊపిరి బిగబట్టి చూసే కథ ఇందులో ఉంది. ఇట్లాంటివి ప్రతి దేశంలో, ప్రతి ఊళ్లో ఉంటాయి. ఆ గేటు తెరిచి పెట్టి కూడా వాళ్లు లోపలికి వెళ్లలేదు.

చానెల్ వాళ్ల తప్పు కూడా ఉంది. కథలో తేదీలు, బయటి తేదీలు పక్కపక్కనే నడవడం ఈ సీరియల్‌కి పెద్ద ఆకర్షణ. అట్లాంటిదాన్ని డిసెంబర్ 3న పదో ఎపిసోడ్ దగ్గర ఆపి, మార్చి 18న మళ్లీ మొదలుపెట్టారు. డెమెట్రీ హత్య జరుగుతుందని చెప్పిన తేదీ 2010 మార్చి 15. అంటే అతను బతుకుతాడా లేదా అని జనం టెన్షన్ పడాల్సిన రోజున అసలు సీరియలే లేదు. ఏప్రిల్ 29 కూడా మామూలు రోజుగా వెళ్లిపోయింది. కథలో ఆ రోజు రావడానికి మే నెలాఖరైంది.

తర్వాతి ఎపిసోడ్లలో మనసుకి పట్టింది ఒక్కటే, తొమ్మిదోది. బ్రైస్ అనే కుర్ర డాక్టరు కేన్సర్‌తో విసిగి చనిపోదామనుకున్న క్షణంలోనే స్పృహ తప్పుతాడు. భవిష్యత్తులో ఒక రెస్టారెంట్‌లో ఒక జపాన్ అమ్మాయిని చూస్తాడు. ఆమె పేరు కూడా తెలియదు. మర్చిపోకుండా ఆమె ముఖాన్ని మళ్లీ మళ్లీ పెన్సిల్‌తో గీస్తుంటాడు. అక్కడ టోక్యోలో కీకో అనే ఆ అమ్మాయి, ఇంజనీరుగా చేరినచోట టీ ఇమ్మంటారని ఉద్యోగం వదిలేసి బయటికి నడుస్తుంది. ఆ ఇద్దరి కథలో విలన్ లేడు, రహస్య సంస్థ లేదు. చూసిన రోజు కోసం బతకడం ఉంది. ఎపిసోడ్లన్నీ ఇట్లా తీసి ఉంటే ఈ రివ్యూ వేరుగా ఉండేది.

చివరి ఎపిసోడ్‌లో మళ్లీ ఒకసారి అందరూ స్పృహ తప్పుతారు, ఈసారి ఇంకా చాలా ఏళ్ల ముందుకి చూస్తారు. మార్క్ బతికాడా లేదా తేల్చకుండా అక్కడితో ఆగింది. రెండో సీజన్ రాలేదు.

చూడాలనుకునేవాళ్లకి నా సలహా: మొదటి ఏడూ తప్పకుండా చూడండి, ఏడోది ఒంటరిగా చూడకండి. ఎనిమిది చూడకపోయినా పర్లేదు, తొమ్మిది చూసి ఆపెయ్యండి. బ్రైస్, కీకో చివర్లో కలుస్తారని నేనే చెప్పేస్తున్నాను, అది తెలుసుకోవడానికి ఇంకో పదమూడు ఎపిసోడ్లు భరించక్కర్లేదు. ఇంగ్లిష్ చదవగలిగితే నవల వెతుక్కోండి. అందులో జనం చూసేది ఆరు నెలలు కాదు, 21 ఏళ్ల ముందుకి. కథ కూడా సెర్న్‌లోనే, ప్రయోగం చేసిన శాస్త్రవేత్తల మధ్యే మొదలవుతుంది.