తెల్లదొరల మూడు చట్టాలు: విశాఖ కొండకూ కడలికీ ఏది మేలు చేసింది?

తెల్లదొరల కాలం నాటి చట్టాలన్నిటినీ ఒకే గాటన కట్టేయడం మనకు అలవాటు. దోచుకోవడానికి పెట్టారు, అంతే, అనేసి ఊరుకుంటాం. దోచుకోవడానికే పెట్టారు, అందులో సందేహం లేదు. కానీ ఏ చట్టం ఎవరి చేతిలోంచి ఏం లాక్కుంది, ఎవరిని అసలు పట్టించుకోలేదు, ఎవరికి రేపు కోర్టులో చూపించుకునే ఆధారం మిగిల్చింది అని విడివిడిగా చూస్తే లెక్క వేరేలా తేలుతుంది. ఆ తేడా ఇవాళ్టికీ మన్యంలో పోడు రైతుకూ, జాలరిపేటలో వల లాగేవాడికీ అనుభవంలోకి వస్తూనే ఉంది.

ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలో కొండా ఉంది, సముద్రమూ ఉంది. అందుకని మూడు చట్టాలు తీసుకుంటున్నాను: 1882 నాటి మద్రాసు అటవీ చట్టం, 1897 నాటి భారత మత్స్య చట్టం, 1917 నాటి ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదలాయింపు చట్టం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మూడింటిలో చెడ్డది 1882 చట్టం. రాతలో న్యాయంగా కనిపించేది 1897 చట్టం. జనానికి చివరికి అక్కరకొచ్చింది మాత్రం 1917 చట్టం.

అటవీ చట్టం సంగతి కాస్త నిదానంగా చూడాలి. 1878లో దేశంలో చాలా భాగానికి అటవీ చట్టం వచ్చింది గానీ మద్రాసు ప్రెసిడెన్సీకి రాలేదు. ఇక్కడి రెవెన్యూ బోర్డే అడ్డం పడింది. ఈ అడవులు ఊళ్ళ పొలిమేరల్లోనే ఉన్నాయి, వాటి మీద ఊరివాళ్ళకు తరతరాల హక్కులున్నాయి, ఉన్నపళంగా సర్కారు సొత్తు అనడం కుదరదని వాదించింది. దొరల ఆఫీసులోనే దొరల మాటకు ఎదురు చెప్పిన ఆ వాదన మన చరిత్ర పాఠాల్లో పెద్దగా కనిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది. చివరికి అటవీ శాఖ పెద్ద డీట్రిచ్ బ్రాండిస్ మద్రాసు వచ్చి పరిశీలించాక, 1882లో ఈ ప్రెసిడెన్సీకి వేరే చట్టం తెచ్చారు. రైలు పట్టాల కింద వేసే స్లీపర్లకు కలప కావాలి, ఖజానాకు రాబడి కావాలి. ఊరి హక్కు వెనక్కి పోయింది.

ఆ చట్టం పనిచేసిన తీరు ఇదీ. ఫలానా కొండను రిజర్వు చేయబోతున్నామని సర్కారు గెజిట్‌లో ప్రకటిస్తుంది. ఫారెస్టు సెటిల్మెంటు ఆఫీసరు వచ్చి, హక్కులున్నవాళ్ళు గడువులోగా చెప్పుకోండి అని చుట్టుపక్కల ఊళ్ళలో తెలియజేస్తాడు. చెప్పుకుంటే విచారిస్తాడు. చెప్పుకోకపోతే ఆ హక్కు పోయినట్టే. తర్వాత హద్దులు పడతాయి. ఆ హద్దు లోపల నిప్పు పెట్టినా, చెట్టు కొట్టినా, పశువును మేపినా, రూల్సుకు విరుద్ధంగా వేటాడినా, వాగులో చేప పట్టినా నేరమే.

చదువుతుంటే ఎంతో పద్ధతిగా ఉంటుంది. ఇప్పుడు పోడు సంగతి ఆలోచించండి. పోడు చేసే కుటుంబం ఒక వాలు కొట్టి, కాల్చి, రెండు మూడేళ్ళు సామలు, చోళ్లు, కందులు పండిస్తుంది. నేల అలిసిపోయాక వదిలేసి ఇంకో వాలుకు వెళ్తుంది. వదిలేసిన చోట మళ్ళీ అడవి పెరిగాక తిరిగి వస్తుంది. ఆఫీసరు వచ్చిన రోజున ఆ వాలు మీద పంట ఉండదు. కంచె ఉండదు, శిస్తు రసీదూ ఉండదు. ఆయన కళ్ళకు అది ఖాళీ అడవి, ఆ కుటుంబానికి తాతల నాటి పొలం. హక్కు చెప్పుకోమని పిలిచినా ఆ మనిషి ఏం పట్టుకుని వెళ్ళాలి? అడిగిన రుజువు అతని సాగు పద్ధతిలోనే లేదు. ఈ చట్టాన్ని చెడ్డది అనడానికి నాకు ఇదొక్కటీ చాలు.

అప్పటికే 1879లో రంప పితూరీ జరిగింది. జీలుగు కల్లు మీద పన్ను, కాంట్రాక్టర్ల పీడన భరించలేక లేచిన ఆ తిరుగుబాటు గోదావరి జిల్లా దాటి మన గొలుగొండ కొండలకూ పాకింది. దాని తర్వాత మూడేళ్ళకే ఈ అటవీ చట్టం వచ్చిందంటే, సర్కారు ఏం నేర్చుకున్నట్టు? ఫలితం 1922లో కనిపించింది. పోడు మీద ఆంక్షలకు తోడు, నర్సీపట్నం వైపు నుంచి కొండల్లోకి వేసే రోడ్లకు సరైన కూలి ఇవ్వకుండా చేయించిన చాకిరీ, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆగడాలు కలిశాయి. ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం పడింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ను కాల్చి చంపారు.

మత్స్య చట్టం తీరు పూర్తిగా వేరు. మొత్తం ఏడే సెక్షన్లు, టీ తాగేలోపు చదివేయొచ్చు. ఇది సముద్రాన్ని సర్కారు సొత్తు చేయలేదు, హద్దు గీసి లోపలికి రావద్దనలేదు. చేసిన పనిని బట్టి శిక్ష వేసింది. నాలుగో సెక్షను ప్రకారం డైనమైటు గానీ మరో పేలుడు పదార్థం గానీ వాడి చేపలు పడితే రెండు నెలల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా. ఒడ్డు నుంచి ఒక మెరైన్ లీగు, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్ల దాకా సముద్రానికీ ఇది వర్తిస్తుంది. మందుగుండు పేలిస్తే పెద్ద చేపతో పాటు పిల్లా గుడ్డూ అన్నీ పోతాయని తీరంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఈ నిషేధంలో నాకు దొరల స్వార్థం కనిపించదు. ఆరో సెక్షను కింద, ఎంపిక చేసిన నీళ్ళలో పాతే వలల మీద, అడ్డుకట్టల మీద, వల కన్ను సైజు మీద స్థానిక ప్రభుత్వం రూల్సు పెట్టొచ్చు. రెండేళ్ళకు మించకుండా వేట ఆపొచ్చు. ఇప్పుడు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరబోట్లు లంగరేసుకుని కూర్చునే పద్ధతి వెనక ఉన్న ఆలోచన కూడా ఇలాంటిదే: చేపకు పెరిగే వ్యవధి ఇవ్వడం.

ఐదో సెక్షను దగ్గర మాత్రం ఆగాలి. నీళ్ళలో విషమో సున్నమో కలిపి చేపలు పట్టడం నేరం. శిక్ష డైనమైటుకు ఎంతో దీనికీ అంతే. ఎండాకాలం వాగు మడుగులో కాయలో బెరడో దంచి కలిపి, మత్తెక్కి తేలిన చేపల్ని ఊరంతా కలిసి పట్టుకోవడం కొండల్లో పాత పద్ధతి. దాన్నీ, పేలుడు మందునూ ఒకే తక్కెడలో తూయడం అన్యాయం. కాకపోతే ఈ సెక్షన్‌ను ఫలానా ప్రాంతంలో అమలు చేయకుండా ఆపే వీలు కూడా ప్రభుత్వానికి అదే చట్టం ఇచ్చింది. ఆ వెసులుబాటు పెట్టినందుకు రాసినవాళ్ళను మెచ్చుకోవాల్సిందే.

మరి లోపం ఎక్కడుంది? ఆ చట్టం చేపను చూసింది, జాలరిని చూడలేదు. ఏడు సెక్షన్లు వెతికినా ఈ నీటి మీద ఫలానా ఊరికి హక్కు అనే మాట దొరకదు. సొంత చెరువున్న ఆసామికి మాత్రం గుర్తింపు ఉంది. ఆయన ఒప్పుకోకుండా ఆయన నీళ్ళకు ఆరో సెక్షను రూల్సు పెట్టకూడదు. తరాలుగా ఒకే రేవు నుంచి తెప్ప దింపుతున్న పేటను అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

నిజానికి ఆ రోజుల్లో జాలరి మెడ మీద కూర్చున్నది మత్స్య చట్టం కాదు, ఉప్పు చట్టం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805 నుంచే ఉప్పు సర్కారు గుత్తాధిపత్యం. తీరంలో తనంతట తాను పేరుకున్న ఉప్పును గోకి తెచ్చుకున్నా నేరమే. ఎండబెట్టుకునే చేపకు ఉప్పు లేకపోతే ఆ చేప కుళ్ళిపోతుంది. తర్వాత సర్కారే తీరం పొడవునా చేపలు ఉప్పేసే యార్డులు తెరిచి, పన్ను లేని ఉప్పును అక్కడే, వాళ్ళ కాపలాలోనే వాడుకోమంది. వలకు చట్టం తక్కువే, ఆ పూట తెచ్చిన చేప నిలవ ఉండాలంటే మాత్రం సర్కారు గేటు దాటాలి.

ఇక 1917 చట్టం. షావుకార్లు అప్పు ఇచ్చి, వడ్డీ మీద వడ్డీ కట్టి, భూములు కాజేస్తుంటే కొండల్లో మళ్ళీ నిప్పు రాజుకుంటుందన్న భయంతో పుట్టింది. కారుణ్యంతో కాదు. అయినా అది చేసిన పని గట్టిది. గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీల్లో కొండజాతి మనిషి భూమిని బయటివాడికి రాసివ్వాలంటే ఏజెంటు గారి, అంటే గవర్నరు తరఫున ఏజెన్సీని చూసే అధికారి, రాతపూర్వక అనుమతి ఉండాలి. లేకపోతే ఆ దస్తావేజు చెల్లదు. కొండజాతి మనిషి చేసిన అప్పు మీద నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ మించి కోర్టు ఒప్పుకోదు, చక్రవడ్డీ అసలే ఒప్పుకోదు. 1882 చట్టం చెట్టును లెక్కపెట్టింది, 1897 చట్టం చేపను లెక్కపెట్టింది. మనిషిని పేరుపెట్టి కాపాడింది ఇదొక్కటే.

అలాగని ఇది చాల్లేదు. చాలి ఉంటే అయిదేళ్ళకే మన్యం భగ్గుమనేది కాదు. చేతిలో ఉన్న భూమి చేజారకుండా ఇది ఆపింది గానీ, పోడు భూమి అసలు నీది కాదు పొమ్మన్న అటవీ చట్టం జోలికి పోలేదు. పైగా పరాయివాడి చేతిని పట్టుకుంది, సర్కారు చేతిని వదిలేసింది.

అయినా దీన్నే మేలంటాను, ఎందుకంటే దీని మీద తర్వాతి తరం కట్టుకోగలిగింది. 1959లో దీని స్థానంలో రెగ్యులేషన్ వచ్చింది, 1970లో దాన్ని బిగించారు. ఏజెన్సీలో ఎవర్నడిగినా చెప్పే 1/70 చట్టం అదే. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 1997లో కోర్టు ఈ రెగ్యులేషన్ ప్రకారం ప్రభుత్వం కూడా షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు లీజు ఇవ్వకూడదని తేల్చింది. 1917లో వదిలేసిన సర్కారు చేతికి ఎనభై ఏళ్ళకు కట్టు పడింది. అటవీ చట్టం వారసత్వం ఇంకో దారి పట్టింది. చింతపల్లి, జెర్రెల బాక్సైటు కోసం 2015లో 97వ నంబరు జీవో వచ్చినప్పుడు ఇవ్వజూపింది అటవీ భూమినే. జనం ఏళ్ళ తరబడి గొడవ చేస్తే గానీ, 2019లో అది రద్దు కాలేదు.

1882లో పోయిన హక్కును తిరిగి పలికించింది 2006 అటవీ హక్కుల చట్టం. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, నాలుగు హెక్టార్లకు మించకుండా హక్కుపత్రం ఇస్తారు. పెళ్ళయినవాళ్ళయితే భార్యాభర్తలిద్దరి పేరునా రాయాలి. పిల్లలకు వస్తుంది, అమ్మడానికి మాత్రం వీల్లేదు. ఆ చివరి షరతు 1917 ఆలోచనే.

సముద్రం వైపు ఇంత దూరం ఎవరూ నడవలేదు. 1994 రాష్ట్ర సముద్ర మత్స్య క్రమబద్ధీకరణ చట్టం కింద ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల దాకా సంప్రదాయ వేటగాళ్ళకు కేటాయించారు, మరబోట్లు ఆ అవతల వేసుకోవాలి. మంచి రూలే. కానీ అది పడవ రకాన్ని బట్టి ఇచ్చింది, పేటను బట్టి కాదు. అందుకే పేటకూ పేటకూ మధ్య తగువొస్తే దాని దగ్గర జవాబుండదు. రింగు వల సంగతే చూడండి. కవళ్లు, కానాగంతలు గుంపుగా తిరుగుతున్న చోట చుట్టూ గోడలా వల దింపి, అడుగున రింగుల్లోంచి పోయే తాడు లాగితే సంచీ మూతిలా మూసుకుపోతుంది, గుంపు మొత్తం లోపలే. ఆ వల ఎనిమిది కిలోమీటర్ల లోపల వేశారని ఒకరు, అవతలే వేశామని ఇంకొకరు. 2022 జనవరిలో పెద్ద జాలరిపేట ఒక పక్క, వాసవానిపాలెం, జాలరిఎండాడ ఇంకో పక్క నిలబడి నడిసముద్రంలోనే గొడవపడ్డారు. పడవలు తగలబడ్డాయి, పేటల్లో 144 సెక్షన్ పెట్టారు. అందరూ జాలర్లే, అందరికీ ఇళ్ళు అదే తీరంలో. నీటి మీద హద్దు చెప్పే కాగితం ఎవరి దగ్గరా లేదు.

ఒక్క విషయం నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు. 2006 చట్టంలో సామూహిక హక్కుల జాబితాలో చేపల మీద హక్కు కూడా ఉంది. పాడేరు కొండల్లో గిరిజన గ్రామం తన వాగులో చేపల మీద హక్కు కావాలని గ్రామసభలో తీర్మానం చేసుకుని దరఖాస్తు పెట్టుకోవచ్చు. చేప మీదే బతికే జాలరిపేటకు తన సముద్రం మీద అలాంటి హక్కు అడిగే చట్టమే లేదు. పైగా పెద్ద జాలరిపేట ఇప్పుడు మహానగరపాలక సంస్థ హద్దులో ఉంది కాబట్టి, తీర్మానం చేసుకుందామన్నా అక్కడ గ్రామసభ కూడా ఉండదు.